ఎర్రబండి వాటా

భూములు పంచుకున్నారు. పలకల గనులు పంచుకున్నారు. గొడ్లు, గాదెలు, ఇత్తడి గంగాళాలు, ఆఖరికి అటక మీది పాత ఉయ్యాలను గొలుసులతో సహా పంచుకున్నారు. ఎక్కడా ఒకరి మాట ఇంకొకరికి తగల్లేదు. అంత చక్కగా నడిచిన పంపకం కార్ల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోయింది.

మార్కాపురంలో నరసింహులు ఇంటి వసారా అది. పెద్దమనిషి పిచ్చయ్య మంచం మీద, అన్నదమ్ములు నరసింహులు, ఓబులేసు చెరో పక్క బల్లల మీద కూర్చున్నారు. మెట్ల కింద, చేతిలో నూనెగుడ్డతో డ్రైవరు నాగూర్ వలి నిలబడి ఉన్నాడు. పిలిచారు గనక వచ్చాడు. కూర్చోమన్నవాళ్ళు లేరు.

ఆ వైపు ఇళ్ళలో పంపకానికి ఒక కట్టుబాటు ఉంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు కోరుకోవాలి. తనకు ఏది మిగులుతుందో తెలియదు కాబట్టి పెద్దవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని సమంగా వేస్తాడని దాని వెనక ఆలోచన. పొలానికి పొలం, గనికి గని సమానం చేయొచ్చు. ఈ రెండు కార్లను ఏ తక్కెడలో వేయాలి? ఒకటి నల్లది, మొన్న ఉగాదికే మద్రాసు నుంచి దిగింది. నాలుగు తలుపులు, నాలుగింటికీ అద్దాలు, లోపల ఇంటిల్లిపాదీ కాళ్ళు చాపుకుని కూర్చునేంత చోటు. వేలితో నెట్టినా గేరు పడుతుంది. రెండోది ఎర్రది. అన్నదమ్ముల నాయన బతికున్న రోజుల్లో, ఊరు వదిలి పోతున్న ఒక దొర దగ్గర కొన్నాడు. పందేల కోసం చేసిన జాతి. ముందు భాగమంతా ఇంజనే, మనుషులకు మిగిలింది వెనక కాస్త చోటు, నెత్తిన గుడ్డ టాపు. వయసు మళ్ళింది గానీ పొగరు తగ్గలేదు. కంభం చెరువు పక్కన దాని చప్పుడు వినబడితే మళ్ళలో వాళ్ళు పని ఆపి నడుం ఎత్తి చూస్తారు. వలి తప్ప దాన్ని లొంగదీసిన మగాడు ఆ తాలూకాలో లేడు.

"నల్లబండి ఒక వాటా, ఎర్రబండి ఒక వాటా," అన్నాడు నరసింహులు.

"అది సమం ఎట్లయితది?" అన్నాడు పిచ్చయ్య. "కొత్తదీ పాతదీ ఒకటేనంటే నలుగురూ నవ్వుతారు. ఎర్రదానికి వలీని కలుపు."

"షెడ్డు గూడా కలుపుతా."

"ఇంగ సరిపాయ."

ఎద్దుల జత ఒకరి వాటాకు పోతే వాటిని తోలే జీతగాడు వాటి వెనకే పోవడం ఆ ఇళ్ళలో మామూలు. డ్రైవరూ అంతేననుకున్నారు. వలి మొహం వైపు ఎవరూ చూడలేదు. నిక్షేపంలాంటి మనిషిని షెడ్డుతో పాటు కలిపి లెక్కగడితే ఎవడికి మాత్రం మండదు? వలికీ మండింది. కానీ ఏ వాటాలోనూ వేయకుండా వదిలేస్తే తన గతేమిటన్న భయం ఆ మంట కంటే పెద్దది. 

ఓబులేసు అప్పటికే మెట్లు దిగి ఎర్రబండి మడ్గార్డు నిమురుతున్నాడు. అతనిది గిద్దలూరులో కాపురం, కలప వ్యాపారం. భార్య పుష్పమ్మ పుట్టిల్లు నంద్యాల దగ్గర. నెలలో ఒకసారైనా నల్లమల కనుమ దాటక తప్పదు.

"రెండూ కనుమ ఎక్కించి దించి చూస్తా. చూసినంక కోరుకుంటా," అన్నాడు.

"నీ ఇష్టం నాయనా," అన్నాడు పిచ్చయ్య.

పొద్దు వాలే వేళకు నరసింహులు షెడ్డు దగ్గరికి వచ్చాడు. వలి బానెట్టు ఎత్తి ప్లగ్గులు ఊడదీసి, గరుకు కాగితంతో ఒక్కొక్కటే రుద్దుతున్నాడు. నరసింహులు కాసేపు చూసి, అక్కడున్న పెట్రోలు డబ్బా మీద కూర్చున్నాడు.

"వలీ, చిన్నోనికి ఈ బండంటే మీసాలు రానప్పటి నుంచి పిచ్చి. ఆ పిచ్చి దిగకుండా చూడు. కనుమలో ఒకతూరి దీని తడాఖా చూపించు, చాలు."

"నడుపుతా పెద్దన్నా."

"ఊరికే నడపడం గాదు. నల్లబండి నాకు కావాల. ఇంట్లో నలుగురు పిల్లలుండారు, ముసలి అమ్మ ఉండాది. నీ మంచికే చెప్తాండా. వాడు నల్లది కోరుకున్నాడంటే ఎర్రది నాకొస్తది. నేనేం చేసుకోవాల దాన్ని? ఇంజను ఊడబీకి గనిలో నీళ్ళు తోడే పంపుకు బిగిస్తా. పంపుకు డ్రైవరెందుకు, నువ్వే చెప్పు."

ఆ మాటల్లో బెదిరింపు లేదు. రేపు ఎండ కాస్తుంది, గొడుగు పట్టుకో అన్నట్టు చెప్పాడు. వలికి అదే మరీ గుబులు పుట్టించింది. బెదిరించే మనిషి కాళ్ళు పట్టుకోవచ్చు. ఇట్లా నిమ్మళంగా చెప్పేవాడిని ఏమని బతిమాలాలి?

ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని ఎడమకాలు చాపాడు. భార్య జహరాబీ అడక్కుండానే ఆముదం గిన్నె తెచ్చి, మోకాలి పక్కన నల్లగా కమిలి గట్టిపడిన చోట రాయడం మొదలుపెట్టింది. ఆ మచ్చ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎర్రబండి దిగుడులో ఉన్నప్పుడు రెండో గేరు తనంతట తనే ఊడి వస్తోంది. ఊడకుండా వలి గేరు కడ్డీకి ఎడమ మోకాలు అదిమిపెట్టి ఉంచుతాడు. కమ్మరి బ్రహ్మం చేత గేరు పళ్ళకు ఆకురాయి పట్టించి చూశాడు, ఆగలేదు. కొత్త సామాను తెప్పిద్దామంటే ఆ బండి చేసిన కంపెనీయే సముద్రాల అవతల ఎప్పుడో మూతపడిందని బెజవాడ షాపువాడు చెప్పాడు.

"ఓబులేసన్నకు చెప్తావా ఈ సంగతి?" అంది జహరాబీ.

"చెప్పి యాడికి పోవాల?"

"నాకేం తెలుసు. అడుగుతాండా."

"నేనుండంగా గేరు ఊడదు. నేను దాని వెంటనే పోతా గదా. ఇంగేం భయం?"

ఆమె నూనె మిగిలితే తన మోచేతికి పూసుకుని లేచిపోయింది.

ముందు నల్లబండి వంతు వచ్చింది. అందరూ గిద్దలూరు చేరుకుని, మర్నాడు పొద్దున అక్కడి నుంచి బయలుదేరారు. నరసింహులు స్వయంగా నడిపాడు. పక్కన ఓబులేసు, వెనక పుష్పమ్మ, ఆమె ఒళ్ళో రెండేళ్ళ కూతురు. నీళ్ళు పోయడానికి పనికొస్తాడని వలిని వెనక సీటులో ఓ మూల ఎక్కించుకున్నారు. అద్దాలు ఎత్తితే దుమ్ము రాలేదు, మాటకు మాట వినబడింది. దిగువమెట్ట దాటి కనుమ మొదలైన చోట బండి కాస్త మూలిగింది, గేరు తగ్గించాక నిదానంగా, గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషిలా తొణక్కుండా ఎక్కింది. పిల్ల నిద్రపోయింది. ఓబులేసుకు ఆవలింతలు వచ్చాయి.

"ఏందన్నా ఇది, జోలపాడే బండి," అన్నాడు.

నరసింహులు తమ్ముడి వెటకారానికి లోపల్లోపల సంతోషపడి, "కుటుంబాలకు చేసిందిరా. నీ అట్లాంటోనికి గాదు," అన్నాడు.

దిగేటప్పుడు ఒక మలుపులో దుప్పుల మంద అడ్డం వచ్చింది. నరసింహులు బ్రేకు మీద కాలు వేశాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టుకున్నాయి. ఉన్న గీత మీదే బండి నిలిచింది. పిల్లకు మెలకువ కూడా రాలేదు. వెనక మూలలో కూర్చున్న వలి అరికాళ్ళు మాత్రం కింద పరిచిన చాపను గట్టిగా తన్నిపెట్టాయి. తన బండయి ఉంటే అక్కడ ఆగడానికి ఎంత దూరం కావాలో వాడి కాళ్ళకు తెలుసు. మెచ్చుకోవాలనిపించింది, మెచ్చుకోవడానికి నోరు రాలేదు. ఈ కొత్తదాని మీద కుళ్ళు అంతగా ఉందా తనకు అని తనకే సిగ్గేసింది.

మర్నాడు ఎర్రబండి. వలి తెల్లవారకముందే లేచి రేడియేటరు నింపి, హ్యాండిల్ తిప్పి, ఇంజను వేడెక్కే దాకా చెవి పెట్టి విన్నాడు. పక్క సీటులో ఓబులేసు, వెనక పిల్లతో పుష్పమ్మ కూర్చున్నారు. నరసింహులు రాలేదు. బండి కదిలే ముందు వలి భుజం మీద మాత్రం ఒకసారి తట్టాడు.

ఊరు దాటాక వలి బండిని వదిలాడు. చింతచెట్లు వెనక్కి పరుగెత్తాయి. గాలికి ఓబులేసు తలపాగా ఊడి ఒళ్ళో పడింది, అతను దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. కనుమ మొదట్లో నిన్న నల్లబండి మూలిగిన చోట ఎర్రది గొంతు పెంచి, గేరు మార్చకుండానే పైకి లేచింది. ముందు పోతున్న బస్సును, దాని ముందు పోతున్న లారీని దాటేసింది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని పోయినప్పుడు ఎట్లా నవ్వేవాడో అట్లాగే నవ్వాడు ఓబులేసు. వలికి కూడా ఒక్క క్షణం అన్నీ మరుపుకొచ్చాయి. షెడ్డు, వాటా, పంపు ఏవీ గుర్తులేవు. చేతుల కింద ఆ ఇంజను వణుకు ఒక్కటే ఉంది. ఇంత ప్రాణమున్నదాన్ని గనిలో దించి బురదనీళ్ళు తోడిస్తాడంట, అని మరుక్షణం గుర్తొచ్చి బండిని ఇంకా వదిలాడు.

పైన కాసేపు ఆగి, బండి తిప్పుకుని వచ్చిన దారినే దిగుడు మొదలుపెట్టారు. వలి రెండో గేరు వేసి, మోకాలు కడ్డీకి ఆనించి అదిమాడు. కుడిపక్క లోయ. పుష్పమ్మ ఆ లోతు చూడలేక పిల్లను గుండెకు అదుముకుని తల వంచుకుంది. వంచిన తలకు ముందు సీట్ల మధ్య నుంచి కనిపించింది వలి కాలొక్కటే. ఆమె అది చూస్తూ కూర్చుంది. ఎత్తుపల్లాల్లో ఒళ్ళంతా ఊగుతోంది గానీ ఆ మోకాలు మాత్రం కడ్డీని వదలడం లేదు. కండ బిగిసి పంచె కింద వణుకుతోంది.

మూడో మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా వెదురుబండి. ఇంజను చప్పుడుకు బెదిరిన ఎద్దులు కాడి తిప్పేసుకున్నాయి. బండివాడు పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నాడు. వలి బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు రెండూ పట్టుకుని కంకర మీద జారాయి. గేరు కడ్డీ బయటికి తన్నింది. మోకాలితో కుమ్మి లోపలికే ఉంచాడు. ఎడమచేత్తో స్టీరింగు కొండ వైపు లాగాడు. బండి పక్కటెముకలు కొండరాతికి రాసుకుంటూ పోయి, వెదుళ్ళ కొసలు బానెట్టుకు మూరెడు దూరంలో ఉండగా ఆగింది. రాలిన కంకర లోయలోకి పోతున్న చప్పుడు కాసేపు వినబడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఏం చెయ్యి వలీ నీది," అన్నాడు ఓబులేసు ఊపిరి పీల్చుకుని. "ఇంకొకడైతే అందరం లోయలో ఉందుము. అన్నకు నల్లది ఉంచేస్తా. నాకిది చాలు. నువ్వు నాకు నేర్పించు, ఈసారి నేనే దించుతా."

వలి నవ్వాడు. గెలిచాడు. గెలుపు నోట్లో పెట్టుకుంటే ఎందుకో చేదుగా తగిలింది. నేర్పించు అన్న మాట దగ్గరే ఏదో అడ్డుపడింది.

దిగువమెట్టలో బండి ఆపాడు. ఓబులేసు కాళ్ళు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. వలి బకెట్టుతో వెనక చక్రాల మీద నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. పుష్పమ్మ పిల్లను చంకనేసుకుని దిగింది.

"వలన్నా, దిగినంత సేపూ మోకాలు అట్ల అదిమిపెట్టినావు, ఏంది?"

"అలవాటు తల్లీ."

"ఎక్కేటప్పుడు లేదే?"

వలి బకెట్టు కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు. బకెట్టులో నీళ్ళు లేవు.

"మోకాలు తీస్తే ఏమైతది?" అంది ఆమె. గొంతులో కోపం లేదు, దబాయింపు లేదు. తెలుసుకోవాలని అడుగుతోంది. ఏడ్చి ఏడ్చి అలిసిన పిల్ల ఆమె భుజం మీద తల వాల్చి, వలి వైపు నీళ్ళ కళ్ళతో చూస్తోంది. అబద్ధం నాలుక కొస దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ మాటతో తన తిండి, తన బండి, జహరాబీ సంసారం అన్నీ నిలబడతాయి.

"గేరు ఊడి వస్తది తల్లీ."

"వస్తే?"

"అప్పుడు వెనక చక్రాల బ్రేకొకటే. ఆ దిగుడుకు అది చాలదు."

"మా ఆయన నేర్చుకోని దించుతానంటాండాడే."

"దించగూడదు. నేనైనా ఎన్నాళ్ళు దించుతానో చెప్పలేను. కాలు ఒక పొద్దు నిలుస్తది, ఒక పొద్దు నిలవదు."

పుష్పమ్మ తల ఊపింది. దండం పెట్టబోయినట్టు చేయి ఎత్తి, చంకలో పిల్ల ఉండడంతో మానుకుంది. బావి వైపు నుంచి ఓబులేసు ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

మార్కాపురం వసారాలో మళ్ళీ అందరూ కూర్చున్నారు. పిచ్చయ్య తాంబూలం నములుతూ, "కోరుకో నాయనా," అన్నాడు.

"నల్లబండి," అన్నాడు ఓబులేసు, తల దించుకునే.

నరసింహులు బల్ల మీంచి సగం లేచాడు. "నిన్న కనుమ దిగినంక ఎర్రది తప్ప వద్దంటివంట గదరా. అప్పుడే ఏమొచ్చింది?"

"దాని గేరు దిగుట్లో నిలవదంట."

"ఎవరన్నారు?"

ఓబులేసు ఇంటి ఆడవాళ్ళను పంచాయితీలోకి లాగలేక తికమకపడి, మెట్ల కింద ఉన్న వలి వైపు తిరిగాడు. "వలీ, నువ్వు చెప్పు. నిలుస్తదా, నిలవదా? నువ్వు నిలుస్తదంటే నేను దాన్నే తీసుకుంటా. నీ మాట మీద తీసుకుంటా."

అందరూ వలి వైపు చూశారు. మొన్న అదే మెట్ల కింద అంతసేపు నిలబడితే ఒక్కరి కళ్ళూ ఇటు తిరగలేదు. నరసింహులు చూపు ఒక్కటే వేరుగా ఉంది. ఆ చూపులో గని ఉంది, పంపు ఉంది, రేపటి పొయ్యి ఉంది. తలుపు చాటున నిలబడ్డ నరసింహులు భార్య యల్లమ్మ చీర అంచు కనిపిస్తోంది.

"నిలవదు చిన్నన్నా," అన్నాడు వలి.

పిచ్చయ్య తాంబూలం ఉమ్మి వచ్చి, "ఇంకేం, కోరుకున్నాడు. అయిపాయ," అని కండువా దులిపాడు. కట్టుబాటు ప్రకారం చిన్నవాడు కోరుకున్నాక పెద్దవాడు మాట్లాడటానికి లేదు.  తమ్ముడు నల్లబండిలో పెళ్ళాంబిడ్డలను ఎక్కించుకుని వీధి మలుపు తిరిగేదాకా నరసింహులు నవ్వుమొహంతోనే సాగనంపాడు. ఆ తర్వాత షెడ్డు ముందుకు వచ్చాడు.

"మంచి పని చేసినావు వలీ. రేపు పొద్దున పానాలు పట్టుకోని రా. ఊడదీసేది గూడా నువ్వే. అదయినంక నీ దోవ నువ్వు చూసుకో."

వలి ఆ పూట ఇంటికి పోయి జహరాబీకి ఉన్నదున్నట్టు చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "పోనీలే. ఆ బిడ్డ మొహం చూసి చెప్పినావు. అల్లా చూస్తాండాడు," అంది. ఆ మాటతో వలి ఛాతీ మీది బరువు దిగింది. పని పోయింది, నిజమే. కానీ తను తప్పు మనిషి కాదు. నాలుగిళ్ళ ముందు తలెత్తుకుని నడవొచ్చు. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

పొద్దున్నే పానాల సంచితో షెడ్డుకు వచ్చాడు. బానెట్టు తోలుపట్టీ విప్పి, రెక్కలు రెండూ తీసి గోడకు ఆనించాడు. రేడియేటరులో నీళ్ళు వదిలేస్తుంటే వెనక గాజుల చప్పుడైంది. యల్లమ్మ చంకలో చంటిపిల్లతో నిలబడి ఉంది. ఆ ఇంట్లో వలిని ఏనాడూ ఒక్క మాట కసరని మనిషి. పండగకు తన పిల్లలకు గుడ్డలు కొంటే వలి ఇంటికీ ఒక తాను పంపే మనిషి. ఊరడించడానికి వచ్చిందనుకుని వలి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఊడదీస్తాండావా?" అంది.

"అవునక్కా. పెద్దన్న తీయమన్నాడు."

ఆమె ఇంజను వైపు చూసి, తర్వాత గేరు కడ్డీ వైపు చూసింది.

"పోయిన మాఘంలో దీని పుట్టెంట్రుకలు తీయించడానికి మహానందికి పోతిమి," అంది చంటిదాని తల నిమురుతూ. "నలుగురు పిల్లలు, మా అత్త, నేను, ఇరుక్కోని ఈ బండిలోనే. నువ్వే గదా కనుమ దించినావు."

"నేనేనక్కా."

"అప్పటికే గేరు ఊడతాండిందా?"

వలి నేల చూశాడు. నీళ్ళు బొటబొటా కారి చెప్పుల కిందికి వస్తున్నాయి.

"ఊడతాండింది."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే బండి తీసేస్తారని అక్కా. నేనుండా గదా, మోకాలు పెట్టి దించుతా గదా అనుకున్నా."

 లోపల పిల్లలు ఎవరో గచ్చు మీద పరుగెత్తుతున్నారు. యల్లమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వలికి కొంత నయంగా ఉండేది.

"పుష్పమ్మ అడిగింది, చెప్పినావు," అంది. "మేము నిన్ను నమ్ముకోని అడగలేదు."

జవాబు కోసం ఆమె నిలబడింది. నిజంగానే జవాబు కావాలి ఆమెకు.  ఆమె పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని ఇంట్లోకి పోయింది. వలి కూర్చుని పానా చేతిలోకి తీసుకున్నాడు గానీ, ఏ నట్టు విప్పాలో చాలాసేపు తోచలేదు.